మీ సాఫ్ట్‌వేర్‌కి మీ పేరు: డెస్క్‌టాప్ అప్లికేషన్‌ని సైన్ చేసి ఇవ్వడం ఎలా

ఎరువుల షాపులకి పనికొచ్చే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి మీరు సొంతంగా రాశారనుకుందాం. షాపాయన మీ వెబ్‌సైట్ నుంచి ఇన్‌స్టాలర్ దించుకుని డబుల్ క్లిక్ చేస్తాడు. స్క్రీన్ మీద నీలం పెట్టె వస్తుంది: "విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ". ఆయన కంగారుపడి ఫోన్ చేస్తాడు. "ఏం కాదండీ, మోర్ ఇన్ఫో నొక్కండి, కింద రన్ ఎనీవే వస్తుంది, అది నొక్కేయండి" అని మీరు చెబుతారు.

ఈ మాట చెప్పడం మనం మానేయాలి. ఈ-చలాన్ అనో, పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపి బ్యాంకు ఖాతాలు ఊడ్చేసేవాళ్లు కూడా జనానికి అచ్చం ఇదే చెబుతారు, హెచ్చరిక వస్తే పట్టించుకోవద్దని. నిజాయితీగా పనిచేసే డెవలపర్ నోటి నుంచి కూడా అదే వింటే, రేపు మోసగాడి మాటకీ మీ మాటకీ ఆ షాపాయన తేడా ఎలా కనిపెడతాడు? కోడ్ సైనింగ్‌కి, అంటే సాఫ్ట్‌వేర్ ఫైలు మీద మీ డిజిటల్ సంతకం పెట్టడానికి, డబ్బు అవుతుంది, కాగితాలు కావాలి, ఓపిక కావాలి. అయినా డబ్బు తీసుకుని సాఫ్ట్‌వేర్ ఇచ్చేవాళ్లెవరైనా చేసి తీరాల్సిన పని ఇదని నేను నమ్ముతాను.

సంతకం రెండు సంగతులు చెబుతుంది. ఒకటి, ఈ ఫైలు ఎవరి నుంచి వచ్చింది. రెండు, సంతకం పెట్టాక ఇందులో ఒక్క బైటు కూడా మారలేదు. అంతకు మించి చెప్పదు. 2017లో సీక్లీనర్ (కంప్యూటర్‌లో చెత్త ఫైళ్లు తీసే సాఫ్ట్‌వేర్) 5.33 వెర్షన్‌లో దొంగ కోడ్ దూరినప్పుడు దాని మీద కంపెనీ అసలు సంతకమే ఉంది. కోడ్ తయారయ్యే చోటే దొంగలు దూరారు కాబట్టి సంతకం దాన్ని ఆపలేకపోయింది. కాబట్టి సైన్ చేశాం కదా అని బిల్డ్ మెషిన్‌ని గాలికి వదిలేయకండి.

మొదట దారి ఎంచుకోండి

సంతకం పెట్టడానికి సర్టిఫికేట్ కావాలి, మీరెవరో ధ్రువీకరించే డిజిటల్ పత్రం అది. దాన్ని కొనేముందు, అసలు కొనే అవసరం ఉందో లేదో చూసుకోండి. డబ్బు మిగిలే చోటు ఇదే.

మీ అప్లికేషన్‌ని ఎంఎస్ఐఎక్స్ (విండోస్ యాప్‌ల కోసం మైక్రోసాఫ్ట్ పెట్టిన ప్యాకేజీ పద్ధతి) ప్యాకేజీగా చేసి మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో పెట్టగలిగితే, స్టోర్ తరఫున మైక్రోసాఫ్టే సంతకం పెడుతుంది. మీకు విడిగా సర్టిఫికేట్ అక్కర్లేదు. వ్యక్తిగత డెవలపర్లకి స్టోర్ రిజిస్ట్రేషన్ ఫీజు కూడా 2025లో ఎత్తేశారు. కానీ మామూలు ఈఎక్స్ఈ, ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్‌నే స్టోర్‌లో పెడితే మాత్రం సంతకం మీరే పెట్టుకోవాలి. డాంగిల్ డ్రైవర్లు, విండోస్ సర్వీసులు ఉన్న సాఫ్ట్‌వేర్‌ని ఎంఎస్ఐఎక్స్‌లో ఇమడ్చడం తలనొప్పి. మామూలు అప్లికేషన్ అయితే ఈ దారినే ముందు ప్రయత్నించండి.

మీది ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ అయితే సైన్‌పాత్ ఫౌండేషన్ ఉచితంగా సైన్ చేసి ఇస్తుంది. అయితే పబ్లిషర్ పేరు వాళ్లదే కనిపిస్తుంది. పోలండ్ సంస్థ సెర్టమ్, ఓపెన్ సోర్స్ డెవలపర్ల కోసం తక్కువ ధరలో సర్టిఫికేట్ అమ్ముతుంది.

అమెరికాలోనో కెనడాలోనో ఉన్న తెలుగు డెవలపర్లకి ఇంకో సులువైన దారి ఉంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ ఆజ్యూర్‌లో ఆర్టిఫాక్ట్ సైనింగ్ అనే సేవ (ఇదివరకు దీన్ని ట్రస్టెడ్ సైనింగ్ అనేవారు) నెలకి 9.99 డాలర్లకి 5,000 సంతకాలు ఇస్తుంది, యూఎస్‌బీ టోకెన్ (సంతకం కీ ఉండే పెన్‌డ్రైవ్ లాంటి పరికరం) గొడవ లేదు. వ్యక్తులకి మాత్రం ఈ రెండు దేశాల్లోనే ఇస్తూ వచ్చారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని సొంత పేరు మీద పనిచేసేవాళ్లు దీని మీద ఆశ పెట్టుకుని ప్రణాళిక వేసుకోకండి, సైన్అప్ అయ్యే ముందు అర్హత పేజీ చదవండి.

ఇవేవీ కుదరకపోతే సర్టిఫికేట్ అథారిటీ దగ్గర కోడ్ సైనింగ్ సర్టిఫికేట్ కొనాలి. ఓవీ (సంస్థని నిర్ధారించి ఇచ్చేది), ఈవీ (ఇంకా లోతుగా నిర్ధారించి ఇచ్చేది) అని రెండు రకాలు అమ్ముతారు. ఈవీ ఖరీదు ఎక్కువ. ఒకప్పుడు ఈవీ కొంటే స్మార్ట్‌స్క్రీన్ (ఆ నీలం పెట్టె చూపించే విండోస్ రక్షణ) హెచ్చరిక మొదటి రోజు నుంచే మాయమయ్యేది, ఆ ఒక్క లాభం కోసమే జనం కొనేవారు. 2024లో మైక్రోసాఫ్ట్ ఆ ప్రత్యేకతను తీసేసింది. ఇప్పటికీ కొన్ని రీసెల్లర్ పేజీల్లో "ఇన్‌స్టంట్ రెప్యుటేషన్" అని పాత ప్రకటనలు కనిపిస్తాయి. నమ్మకండి. విండోస్ కర్నెల్ డ్రైవర్లు రాస్తే తప్ప ఈవీ అక్కర్లేదు, ఓవీ చాలు. కంపెనీ లేని వ్యక్తులకి ఇందులోనే ఐవీ (వ్యక్తిని నిర్ధారించి ఇచ్చేది) అనే రకం ఇస్తారు.

కాగితాల పని

ఎక్కువ రోజులు పట్టేది ఇక్కడే. రిలీజ్ తేదీకి వారం ముందు మొదలుపెడితే అందదు, కోడింగ్ సగంలో ఉండగానే అప్లై చేయండి.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్, ఎంసీఏ ఫైలింగ్ కోసం మీ ఆడిటర్ ఇప్పించిన క్లాస్ 3 డీఎస్‌సీ (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికేట్) ఉంటుంది కదా, యూఎస్‌బీ టోకెన్‌లో. చూడటానికి కోడ్ సైనింగ్ టోకెన్ కూడా అలాగే ఉంటుంది. కానీ ఆ డీఎస్‌సీ డాక్యుమెంట్ల మీద సంతకాలకి ఇచ్చింది. ప్రతి సర్టిఫికేట్‌లోనూ అది దేనికి పనికొస్తుందో రాసి ఉంటుంది, దాంట్లో కోడ్ సైనింగ్ ఉండదు. దానితో సాఫ్ట్‌వేర్ సైన్ చేసి పంపితే విండోస్ ఒప్పుకోదు. రెండూ అమ్మే కంపెనీ దగ్గర కొంటున్నా, ఏది అడుగుతున్నారో స్పష్టంగా చెప్పండి.

తర్వాత పేరు. సర్టిఫికేట్ మీద ఏ పేరుంటే విండోస్ అదే చూపిస్తుంది. వ్యక్తిగా తీసుకుంటే మీ చట్టబద్ధమైన పేరు, సంస్థగా తీసుకుంటే రిజిస్టర్ అయిన పేరు. మీ ప్రోడక్ట్‌కి పెట్టుకున్న బ్రాండ్ పేరు రాదు. తెలుగువాళ్లకి చిక్కు వచ్చేది ఇక్కడే: పాన్ కార్డులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా చివర్లో ఉంటుంది, ఆధార్‌లో ముందుంటుంది. కరెంటు బిల్లు నాన్నగారి పేరు మీద ఉంటుంది. విదేశంలో కూర్చుని వెరిఫై చేసే మనిషికి ఇవన్నీ వేర్వేరు మనుషుల్లా కనిపిస్తాయి. అప్లికేషన్ నింపేముందే కాగితాలన్నీ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే స్పెల్లింగ్, ఒకే వరుస ఉన్న రెండు మూడు కాగితాలు ఎంచుకుని, ఫారంలో ఆ పేరే అక్షరం పొల్లు పోకుండా రాయండి. పాస్‌పోర్టు ఉంటే దాన్నే ఆధారం చేసుకోవడం మేలు.

సంస్థ పేరు మీద తీసుకుంటే కంపెనీ రిజిస్ట్రేషనో, జీఎస్టీ సర్టిఫికేటో, ఉద్యమ్ రిజిస్ట్రేషనో అడుగుతారు. తర్వాత ఫోన్ చేసి నిర్ధారించుకుంటారు. ఆ నంబర్ మీరు ఇచ్చింది కాకుండా బయటి రికార్డులో ఉన్నది అయి ఉండాలంటారు. అందుకని మీ వ్యాపారం పేరు, అడ్రసు, ఫోన్ అన్ని చోట్లా ఒకేలా ఉన్నాయో లేదో ముందే సరిచూసుకోండి.

కీ ఎక్కడ ఉంటుంది

ఇదివరకు సర్టిఫికేట్‌ని ఒక ఫైలుగా ఇచ్చేవారు, పాస్‌వర్డ్ పెట్టి ఎక్కడైనా దాచుకునేవాళ్లం. 2023 జూన్ 1 నుంచి అది కుదరదు. ప్రైవేట్ కీ (సంతకం పెట్టే రహస్య కీ) హార్డ్‌వేర్‌లోనే ఉండాలి, యూఎస్‌బీ టోకెన్‌లో గానీ క్లౌడ్‌లోని హెచ్ఎస్ఎంలో (కీలు దాచే ప్రత్యేక పరికరం) గానీ. ఆ నిబంధన చిన్న డెవలపర్లకి భారమే, కానీ దానికి కారణాలున్నాయి. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వైరస్ డ్రైవర్ల మీద రియల్‌టెక్, జేమైక్రాన్ కంపెనీల అసలు సంతకాలున్నాయి. 2022లో ఎన్విడియా నుంచి లీకైన సర్టిఫికేట్లతో మాల్‌వేర్ సైన్ చేసి వదిలారు. కీ ఫైలు రూపంలో ఉంటే కాపీ అవుతుంది. టోకెన్‌లోంచి బయటికి తీయలేరు.

టోకెన్ అయితే విదేశం నుంచి కొరియర్‌లో రావచ్చు. కస్టమ్స్ కోసం కొరియర్ వాళ్లు కేవైసీ అడుగుతారు, ఆ రోజులు కూడా కలుపుకోండి. వచ్చాక పాస్‌వర్డ్‌ని జాగ్రత్తగా రాసి పెట్టుకోండి, వరుసగా తప్పు కొడితే టోకెన్ లాక్ అయిపోతుంది. ఇంకో సంగతి చాలామందికి తలబొప్పి కట్టాకే తెలుస్తుంది: టోకెన్‌ని ఆఫీసు కంప్యూటర్‌కి గుచ్చి, ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో దూరి సైన్ చేద్దామంటే టోకెన్ కనిపించదు. రిమోట్ డెస్క్‌టాప్ అవతలి మెషిన్ స్మార్ట్ కార్డుల బదులు మీ ముందున్న మెషిన్‌వి చూపిస్తుంది. పాడైంది టోకెన్ కాదు, గాభరా పడకండి.

గిట్‌హబ్ యాక్షన్స్ లాంటి చోట బిల్డ్ దానంతటదే అయిపోవాలంటే మొదట్లోనే క్లౌడ్ సైనింగ్ తీసుకోండి. డిజిసెర్ట్ కీలాకర్, ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ ఈసైనర్ లాంటివి ఉన్నాయి. వాటిలో ఒక్కో సంతకానికి లెక్క ఉంటుంది కాబట్టి రోజూ చేసే టెస్ట్ బిల్డులన్నిటినీ సైన్ చేయకుండా రిలీజ్ బిల్డులకే పరిమితం చేయండి.

విండోస్‌లో సైన్ చేయడం

విండోస్ ఎస్‌డీకేతో వచ్చే సైన్‌టూల్ చాలు. కమాండ్‌లో ఉండాల్సినవి ఇవి: సైన్ అనే పదం, ఫైలు హ్యాష్ (ఫైలు నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) కోసం స్లాష్ ఎఫ్‌డీ పెట్టి షా256, టైమ్‌స్టాంప్ సర్వర్ అడ్రసు కోసం స్లాష్ టీఆర్, దాని హ్యాష్ కోసం స్లాష్ టీడీ పెట్టి మళ్లీ షా256, చివర్లో ఫైలు పేరు. స్లాష్ టీడీ ఎప్పుడూ స్లాష్ టీఆర్ తర్వాతే రావాలి. పాత బ్లాగుల్లో కనిపించే ఒట్టి స్లాష్ టీ వాడకండి, అది పాత పద్ధతి.

సర్టిఫికేట్ ఎంచుకోవడానికి స్లాష్ ఏ వాడితే టూల్ తనకి తగినదనిపించింది తీసుకుంటుంది. మెషిన్‌లో ఒకటికి మించి సర్టిఫికేట్లు ఉంటే, ముఖ్యంగా రెన్యువల్ సమయంలో పాతదీ కొత్తదీ రెండూ ఉంటే, స్లాష్ షా1 అని పెట్టి మీ సర్టిఫికేట్ థంబ్‌ప్రింట్ (ఆ సర్టిఫికేట్‌ని గుర్తించే సంఖ్య) ఇవ్వండి. అప్పుడు అనుమానం ఉండదు.

టైమ్‌స్టాంప్‌ని ఎప్పుడూ వదలొద్దు. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకోండి. సర్టిఫికేట్ గడువు తీరుతుంది. 2026 మార్చి 1 నుంచి ఇచ్చే సర్టిఫికేట్లకి గరిష్ఠ గడువు 460 రోజులే, ఇదివరకు 39 నెలలు ఉండేది. ఆజ్యూర్ సేవలో అయితే ఒక్కో సర్టిఫికేట్ ఆయుష్షు మూడు రోజులు. టైమ్‌స్టాంప్ లేకపోతే గడువు తీరిన రోజు నుంచి మీరు అప్పటిదాకా పంచిన ప్రతి కాపీ సంతకం చెల్లకుండా పోతుంది. టైమ్‌స్టాంప్ ఉంటే, సైన్ చేసిన రోజుకి సర్టిఫికేట్ బతికే ఉందని మూడో మనిషి సాక్ష్యం పలికినట్టు, సంతకం తర్వాత కూడా నిలుస్తుంది. టైమ్‌స్టాంప్ సర్వర్ ఒక్కోసారి స్పందించదు. అప్పుడు స్క్రిప్టు కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలి, అప్పటికీ కాకపోతే బిల్డ్ ఫెయిల్ అవ్వాలి. టైమ్‌స్టాంప్ లేకుండా ముందుకు పోనివ్వకండి.

ఏ ఏ ఫైళ్లు సైన్ చేయాలి? బయటి ఇన్‌స్టాలర్ ఒక్కటే చేసి ఆపేసేవాళ్లు చాలామంది. ఇన్‌స్టాల్ అయ్యాక రోజూ నడిచేది లోపలి ఈఎక్స్ఈ, డీఎల్ఎల్‌లే. యాంటీవైరస్ పట్టుకునేదీ వాటినే. కాబట్టి వరుస ఇలా ఉండాలి: ముందు మీరు తయారుచేసిన ఈఎక్స్ఈ, డీఎల్ఎల్‌లు, తర్వాత అన్‌ఇన్‌స్టాలర్, ఆ తర్వాత వాటిని లోపల పెట్టుకున్న ఇన్‌స్టాలర్. ఇన్‌స్టాలర్లు తయారుచేసే ఇన్నో సెటప్‌లో సైన్‌టూల్ అనే సెట్టింగ్ ఇస్తే అన్‌ఇన్‌స్టాలర్ సంగతి అదే చూసుకుంటుంది. వేరేవాళ్ల డీఎల్ఎల్‌లకి వాళ్ల సంతకం ముందే ఉంటే దాన్ని అలాగే ఉంచండి.

సైన్ చేస్తే ఫైలు మారుతుంది, హ్యాష్ మారుతుంది. ఆటో అప్‌డేట్ కోసం హ్యాష్‌లు లెక్కగట్టే పని, వెబ్‌సైట్‌లో చెక్‌సమ్ రాసే పని అన్నీ సైనింగ్ పూర్తయ్యాకే. ఈ వరుస తప్పితే, పాత వెర్షన్ వాడేవాళ్లందరికీ అప్‌డేట్ "ఫైలు పాడైంది" అని ఆగిపోతుంది. ఎలక్ట్రాన్ బిల్డర్, టౌరీ లాంటివి వాడేవాళ్లు సైనింగ్‌ని వాటి కాన్ఫిగరేషన్‌లోనే పెట్టండి, విడిగా చివర్లో చేయకండి.

అయిపోయాక ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ తెరవండి. మూడు గడులుంటాయి: సైన్ చేసినవాళ్ల పేరు, హ్యాష్ పద్ధతి, టైమ్‌స్టాంప్. మూడో గడిలో తేదీ, సమయం ఉండాలి. "నాట్ అవైలబుల్" అని ఉంటే పంపొద్దు, మళ్లీ సైన్ చేయండి. స్క్రిప్టులో అయితే సైన్‌టూల్ వెరిఫై కమాండ్‌కి స్లాష్ పీఏ కలపాలి. అది లేకపోతే డ్రైవర్ల నిబంధనలతో చూసి, బాగున్న సంతకాన్ని కూడా తప్పంటుంది.

అప్పుడు కూడా నీలం పెట్టె వస్తే

రావచ్చు. మొదటి రోజుల్లో వస్తుంది కూడా. స్మార్ట్‌స్క్రీన్ ఫైలుకీ, సర్టిఫికేట్‌కీ ఉన్న పరపతి చూస్తుంది. కొత్త సర్టిఫికేట్‌కి పరపతి సున్నా. ఎక్కువ మంది దించుకుని, ఎవరికీ ఇబ్బంది రాకపోతే క్రమంగా పెరుగుతుంది. సంతకం లేని ఫైలుకి ప్రతి కొత్త వెర్షన్‌తోనూ లెక్క మొదటికొస్తుంది, సంతకం ఉంటే ఒక వెర్షన్ సంపాదించిన పరపతి తర్వాతి వెర్షన్‌కి ఉపయోగపడుతుంది. అందుకే వారానికి రెండు మూడు సార్లు వెర్షన్లు మార్చకుండా, ఒక వెర్షన్‌ని కొన్నాళ్లు నిలబడనివ్వండి. యాంటీవైరస్ పొరపాటున పట్టుకుంటే మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఇంటెలిజెన్స్ పేజీలో సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా ఆ ఫైలు సమర్పించి పరిశీలించమని అడగవచ్చు.

ఈ దశలో కస్టమర్‌కి చెప్పే మాట కూడా మారాలి. "మోర్ ఇన్ఫో నొక్కితే పబ్లిషర్ అని ఫలానా పేరు కనిపిస్తుంది. ఆ పేరు ఉంటేనే ముందుకెళ్లండి, అన్‌నోన్ పబ్లిషర్ అని ఉంటే ఆపేసి నాకు ఫోన్ చేయండి" అని చెప్పండి. వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ బటన్ పక్కనే ఆ పేరు రాయండి. స్మార్ట్ యాప్ కంట్రోల్ (నమ్మకం లేని యాప్‌లని ఆపేసే రక్షణ) ఆన్‌లో ఉన్న విండోస్ 11 మెషిన్‌లో అయితే పరపతి తెలియని, సంతకం లేని ఫైలుకి రన్ ఎనీవే అనే బటనే ఉండదు.

పరీక్ష చేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి చూస్తే ఏ హెచ్చరికా రాదు, అంతా బాగుందనుకుంటారు. బ్రౌజర్ దించిన ఫైలు మీద "ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చింది" అని గుర్తు పడుతుంది, స్మార్ట్‌స్క్రీన్ చూసేది దాన్నే. కాబట్టి మీ ఫైలుని మీ వెబ్‌సైట్‌లోనే పెట్టి, మీది కాని మెషిన్‌లో బ్రౌజర్‌తో దించి చూడండి.

మ్యాక్ సంగతి

మ్యాక్‌లో దారి ఒక్కటే, అందుకే గందరగోళం తక్కువ. ఏడాదికి 99 డాలర్లు కట్టి ఆపిల్ డెవలపర్ ప్రోగ్రామ్‌లో చేరాలి. సంస్థగా చేరాలంటే డన్స్ నంబర్ (వ్యాపార సంస్థలకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కావాలి, వ్యక్తిగా అయితే అక్కర్లేదు. స్టోర్ బయట పంచడానికి "డెవలపర్ ఐడీ అప్లికేషన్" సర్టిఫికేట్ తీసుకోండి, పీకేజీ ఇన్‌స్టాలర్ ఇస్తే "డెవలపర్ ఐడీ ఇన్‌స్టాలర్" కూడా. దీనికి టోకెన్ ఉండదు, కీ మీ మ్యాక్ కీచెయిన్‌లోనే ఉంటుంది. దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి పాస్‌వర్డ్‌తో భద్రంగా బ్యాకప్ పెట్టుకోండి. మ్యాక్ పాడైతే కీ కూడా పోతుంది.

కోడ్‌సైన్ కమాండ్‌తో సైన్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లో రన్‌టైమ్ అని ఇవ్వాలి, దీంతో హార్డెన్డ్ రన్‌టైమ్ (నడుస్తున్న యాప్‌లో ఎవరూ చొరబడకుండా ఆపే రక్షణ) ఆన్ అవుతుంది. టైమ్‌స్టాంప్ ఆప్షన్ కూడా ఉండాలి. లోపలి ఫ్రేమ్‌వర్కులు, హెల్పర్లు ముందు, బయటి యాప్ చివర. సైనింగ్‌కి డీప్ అనే ఆప్షన్ చూపించే పాత సలహాలు చాలా ఉన్నాయి, ఆపిల్ దాన్ని వద్దంటుంది. లోపలి ప్రతి దానికీ ఒకే ఎన్‌టైటిల్‌మెంట్లు (యాప్‌కి ఇచ్చే ప్రత్యేక అనుమతులు) అంటిస్తుంది కాబట్టి తర్వాత యాప్ వింతగా క్రాష్ అవుతుంది. ఎలక్ట్రాన్ యాప్ అయితే జిట్‌ని (నడుస్తుండగానే కోడ్ తయారుచేసే పద్ధతి) అనుమతించే ఎన్‌టైటిల్‌మెంట్ ఇవ్వాలి, లేకపోతే సైన్ చేసిన కాపీ తెరుచుకోదు.

తర్వాత నోటరైజేషన్, అంటే ఆపిల్ చేత యాప్‌ని తనిఖీ చేయించడం. యాప్‌ని జిప్ గానీ డీఎంజీ గానీ చేసి నోటరీటూల్‌తో ఆపిల్‌కి పంపాలి. పాత ఆల్‌టూల్ పద్ధతి 2023 నవంబర్ 1తో ఆగిపోయింది. ఇది యాప్ స్టోర్ రివ్యూ లాంటిది కాదు, మాల్‌వేర్ కోసం మెషిన్ చేసే తనిఖీ, సాధారణంగా కొద్ది నిమిషాల్లో తేలుతుంది. "యాక్సెప్టెడ్" వస్తే సరే. "ఇన్‌వాలిడ్" వస్తే ఊహించుకుంటూ కూర్చోకుండా సబ్మిషన్ ఐడీతో లాగ్ తెప్పించి చదవండి, ఏ ఫైలులో ఏం తప్పో అందులో దారితో సహా ఉంటుంది. ఎక్కువగా కనిపించేవి మూడు: ఏదో ఒక హెల్పర్‌కి హార్డెన్డ్ రన్‌టైమ్ లేకపోవడం, టైమ్‌స్టాంప్ లేకపోవడం, డీబగ్ బిల్డ్‌లో ఉండే గెట్ టాస్క్ అలౌ అనే ఎన్‌టైటిల్‌మెంట్ మిగిలిపోవడం.

ఆమోదం వచ్చాక స్టేపులర్ టూల్‌తో ఆ ఆమోదపు టికెట్‌ని యాప్‌కో డీఎంజీకో అంటించండి. ఇంటర్నెట్ లేని మ్యాక్‌లో కూడా అప్పుడు తెరుచుకుంటుంది. జిప్‌కి నేరుగా అంటించలేం, లోపలి యాప్‌కి అంటించి మళ్లీ జిప్ చేయాలి. ఎస్‌పీసీటీఎల్ కమాండ్‌తో చూస్తే సోర్స్ దగ్గర "నోటరైజ్డ్ డెవలపర్ ఐడీ" అని రావాలి.

నోటరైజేషన్ వద్దనుకుని "కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేసి ఓపెన్ నొక్కండి" అని చెప్పే రోజులు కూడా పోయాయి. 2024లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ సెకోయాలో ఆపిల్ ఆ అడ్డదారి మూసేసింది. ఇప్పుడు సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి అక్కడ అనుమతించాలి, మామూలు మనిషి అంత దూరం వెళ్లడు.

లైనక్స్‌కి ఇంత తతంగం లేదు. ఫైళ్ల షా256 జాబితా తయారుచేసి దాన్ని జీపీజీ (ఉచిత సంతకాల టూల్) కీతో సైన్ చేసి, పబ్లిక్ కీ మీ వెబ్‌సైట్‌లో పెట్టండి.

కీ పోతే, గడువు దగ్గరపడితే

టోకెన్ పోయినా, క్లౌడ్ ఖాతా ఎవరి చేతిలోనైనా పడిందని అనుమానం వచ్చినా ఆ రోజే సర్టిఫికేట్ ఇచ్చిన సంస్థకి రాసి రద్దు చేయించండి. రద్దు ఏ తేదీ నుంచి అమలవ్వాలో అడుగుతారు. ఆ తేదీకి ముందు టైమ్‌స్టాంప్‌తో సైన్ చేసిన ఫైళ్లు చెల్లుతూనే ఉంటాయి, తర్వాతవి చెల్లవు. ఏ రోజు ఏ వెర్షన్ సైన్ చేశారో, దాని హ్యాష్ ఏంటో ఒక ఫైలులో రాసుకునే అలవాటుంటే ఆ తేదీ ధైర్యంగా చెప్పగలరు.

రెన్యువల్‌ని గడువుకి రెండు నెలల ముందే మొదలుపెట్టండి. పేరు, అడ్రసు మళ్లీ వెరిఫై చేస్తారు, పోయినసారి ఇచ్చిన కాగితాలే మళ్లీ ఇవ్వండి. కొత్త సర్టిఫికేట్‌లో పబ్లిషర్ పేరు పాతదానితో అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూడండి, మీ ఆటో అప్‌డేటర్ పబ్లిషర్ పేరు పోల్చి చూసే రకమైతే చిన్న తేడాకే అప్‌డేట్లు ఆగిపోతాయి. పేరు మారక తప్పదనుకుంటే, పాత సర్టిఫికేట్ బతికి ఉండగానే రెండు పేర్లనీ ఒప్పుకునే ఒక వెర్షన్ దానితో సైన్ చేసి పంపండి. వాడుకరులు దానికి మారాక కొత్త పేరుతో సైన్ చేసినది వదలండి.